బడి తెరిచేదాకా నేను చెప్పిన చదువు

హోటళ్ళు తెరుచుకోవచ్చని జీపులో మైకు పెట్టి చెప్పిన రోజున మా ఆయన పరుగున ఇంట్లోకి వచ్చి, పొయ్యి ముందర కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఏటే, అలా సూస్తావు? పప్పు నానబెట్టు," అన్నాడు.

"నానబెడితే? ఎవలొస్తారు తినడానికి?"

"ఎవలో ఒకలు. లారీలు ఆగనేదు కదా."

నిజమే, లారీలు ఆగలేదు. మేముండేది హిందీ రాష్ట్రంలో, కిరండుల్‌లో. జబ్బు భయంతో ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్నా ఇక్కడ కొండ మీద ఇనపరాయి తవ్వడం ఆపలేదు. రాయి మోసే గూడ్సు బళ్ళు కూడా తిరుగుతూనే ఉన్నాయి. ఆగిపోయినవి మనుషులెక్కే రైలు, పిల్లల బడి, మా హోటల్. మా ఆయన, నేను కొత్తవలస పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. స్టేషను రోడ్డు మీద రేకుల కప్పు కింద ఇడ్లీ, దోసె అమ్ముకుని బతుకుతున్నాం.

నేను ఇలాంటివి ఎప్పుడూ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ జీపు దగ్గర మొదలుపెట్టాను. అసలు చెప్పాలనుకున్నది మా అమ్మాయి చదువు గురించి. కానీ అది మొదలైంది హోటల్ తెరవడంతోనే.

జీపులో చెప్పిన ప్రకారం పొద్దున్న తెరిచి మధ్యాహ్నానికి మూసేయాలి. ఎవరినీ కూర్చోబెట్టకూడదు, పార్సిల్ మాత్రమే ఇవ్వాలి. మా ఆయన వాకిలికి అడ్డంగా నులక తాడు కట్టాడు. లారీ డ్రైవర్లు తాడుకి అవతల నిలబడి కేకలేసేవారు. రాయపూర్ వాళ్ళు, ఒడిషా వాళ్ళు, ఒంటినిండా ఎర్ర దుమ్ముతో ఉండేవారు. మాస్కులు కూడా ఎర్రగానే ఉండేవి. లోపల కడపరాయి బల్లలు ఖాళీగా ఉండేవి. బెంచీలు తిరగేసి గోడకి చేరవేశాం.

అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి. రెండో తరగతిలో హిందీ అక్షరాలు పట్టుబడుతున్న సమయంలో బడి మూసేశారు. కొన్నాళ్ళకి బడి మేడమ్ మా వీధి చివర కుళాయి దగ్గరున్న షెడ్డులో పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడది జగదల్‌పూర్ వైపు. ఇంట్లో ఇక్కడి వాళ్ళ భాష హల్బీ, బడిలో హిందీ. స్కూటీ మీద పెద్ద గొడుగు కట్టుకుని వచ్చేవారు. మా అమ్మాయి కొద్దిరోజులు వెళ్ళింది. సంతోషంగానే వెళ్ళింది.

ఒక పొద్దున్న పక్క వరస రైల్వే క్వార్టర్లో ఉండే వదిన వచ్చింది. సొంత వదిన కాదు, ఆ వరసలో పిలుచుకుంటాం. వాళ్ళాయన పట్టాలు చూసే గ్యాంగులో పని. తాడుకి అవతలే నిలబడింది.

"వదినా, నువ్వేటీ అనుకోకు. నీ గుంటని షెడ్డుకి పంపకు."

"ఏమొదినా?"

"మీ కాడికి లారీలోల్లొస్తారు కదా, ఎక్కడెక్కడి నుంచో. అందరూ బయపడతన్నారు. నానంతన్నాననుకోకు."

"అందరంటే ఎవలు?"

"అందరంటే అందరే. మీ దోసెలు బాగుంతాయి, అది ఏరే సంగతి. రెండు కట్టియ్యి, మా ఓడు అడుగుతున్నాడు."

నేను కట్టిచ్చాను. ఆవిడ వెళ్ళిపోయాక ఒక్క మాటా తిరిగి అనలేదేమని మా ఆయన నన్నడిగాడు. అనడానికి నాకు మాట దొరకలేదు. దోసెలు తీసుకుంటే రాని జబ్బు పిల్ల పక్కన కూర్చుంటే ఎలా వస్తుందో అడగాలని సాయంత్రం తోచింది. అప్పటికి ఎవరున్నారు అడగడానికి?

మర్నాడు మా అమ్మాయి సంచి భుజానికేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఇవాళ ఛుట్టీ, సెలవు," అన్నాను. ఆ మర్నాడూ అదే చెప్పాను. మూడోసారి అది ఏమీ అడగకుండా సంచి మేకుకి తగిలించేసింది.

మేడమ్ మా ఆయన ఫోనుకి పాఠాలు పంపేవారు. హోటల్ మూశాక వాటిని దాని ముందు పెట్టేదాన్ని. అంతా హిందీ. నేను పాతిక మందితో రోజూ హిందీలో మాట్లాడతాను, సంతలో హల్బీలో బేరమాడతాను. చదవడం మాత్రం రాదు. ఆ సంగతి నా కూతురికి తెలియదు. తెలియనివ్వలేదు.

"అమ్మా, ఇదేటి?" అని ఒక మాట మీద వేలు పెట్టింది.

"నీకు తెల్దా? మేడమ్ సెప్పనేదా? సరిగా సూడు."

సరిగ్గా చూసింది. మళ్ళీ నావైపు చూసింది.

"అమ్మా, నీకు హిందీ రాదు కదా."

"ఎందుకు రాదు? రోజూ మాటాడతన్నాను, ఇంతన్నావు కదా."

"సదవడం."

గ్రైండర్ కడగాలని లేచి వెళ్ళిపోయాను. ఆ గ్రైండర్ అప్పటికే కడిగి ఉంది.

నాకు వచ్చిన చదువు ఐదో తరగతి లోపు తెలుగు చదువు. మా పల్లెలో మాస్టారు ఇసకలో రాయించి నేర్పింది. అదైనా చెబుదామనిపించింది. అక్షరం పట్టుబడటమే కష్టం గాని, ఒక భాషలో పట్టుబడితే మిగతావి వాటంతటవే వస్తాయని నేను గట్టిగా నమ్మాను. కట్టెల పొయ్యి మీద వంట వచ్చినవాళ్ళకి గ్యాసు పొయ్యి ఎవరూ నేర్పక్కర్లేదు కదా, ఇదీ అంతే అనుకున్నాను. మా ఆయన్ని అడిగితే, "సదువు సదువే కదేటి, సెప్పు," అన్నాడు. ఆయన చదివింది నాకన్నా తక్కువ.

ఖాళీ కడపరాయి బల్లల మీద సుద్దముక్కతో రాయించాను. నల్లరాయి మీద తెల్లగా భలే కనబడేవి. ఒక బల్ల నిండితే ఇంకో బల్లకి వెళ్ళేవాళ్ళం. హోటల్లో ఎవరూ కూర్చోకూడదు కాబట్టి చెరపాల్సిన పనే లేదు. అ నుంచి మొదలుపెట్టాం. వానలు వచ్చేసరికి గుణింతాలు అయిపోయాయి. ఎక్కాలు నాకు పాటలా వచ్చు. నేను పిండి రుబ్బుతూ అంటుంటే అది బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ అనేది. తెలుగు దినపత్రిక ఇక్కడికి రాదు గాని, మా ఊరి నుంచి ఎవరో పచ్చడి చుట్టి తెచ్చిన నూనె మరకల పేపరు ఒకటి ఉండేది. దాన్ని మొత్తం చదివేసింది. సిమెంటు ప్రకటనతో సహా చదివేసింది.

ఆ రోజుల్లో నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నా చేత్తో ఒక పిల్లకి చదువు వచ్చింది. నాకు!

మధ్యలో జబ్బు మళ్ళీ పెరిగింది, మళ్ళీ అన్నీ మూశారు, మళ్ళీ తెరిచారు. మనుషుల భయం కూడా అలాగే పెరిగి తగ్గింది. రెండోసారి తగ్గినప్పుడు ఆ వదినే వచ్చింది. వాళ్ళు దేవుణ్ణి పాటలు పాడి కొలుస్తారు. చర్చి తెరవలేదు కాబట్టి వాకిట్లో కూర్చుని పాడుకుంటున్నారు. పాటల పుస్తకం తెలుగులో ఉంది. వాళ్ళబ్బాయి షెడ్డులో చదువుకుని హిందీ గడగడా చదువుతాడు గాని తెలుగు రాదు. ఆవిడకి కళ్ళజోడు పగిలిపోయింది.

"నీ గుంటని పంపొదినా, ఒక పాట సదివి పెడతాది."

"లారీలోల్లొస్తారు కదొదినా మా కాడికి," అన్నాను. ఈసారి మాట దొరికింది.

"అబ్బో! మనసులో ఎట్టుకున్నావేటి? అప్పుడు నాకేటి తెలుసు? నాను డాట్రునా?"

పంపాను. మా అమ్మాయి ముక్కాలిపీట మీద నిలబడి పాట చదివితే అందరూ అందుకుని పాడారు. వదిన దాని నెత్తి నిమిరి, "ఒలమ్మా, పంతులమ్మైపోతాది," అంది. నేను మా పెరట్లో చీకట్లో నిలబడి విన్నాను. అక్కడే నిలబడి బాగా విన్నాను. ఆ మాట నన్ను చెడగొట్టింది అనిపిస్తుంది ఇప్పుడు. అది విన్నాక నాకు హిందీ సంగతి గుర్తే రాలేదు.

తర్వాత బడి తెరుస్తారన్నారు. తెరవాలంటే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవాలట. మమ్మల్నందర్నీ బడి వరండాకి పిలిచారు. సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కరు నిలబడమన్నారు. హెడ్మాస్టర్ అడిగారు, ఒక్కొక్కళ్ళే చెప్పారు. తెరవండి, ఇంట్లో వేగలేకపోతున్నాం అని కొందరు. ఇంకా కొన్నాళ్ళు ఆగుదామని కొందరు. ఒకాయన అటు తిరిగి హిందీలో, "హోటల్‌వాళ్ళ పిల్ల కూడా వస్తుందా?" అని అడిగాడు. మేడమ్ విసుక్కుని, "బడి అందరిదీ," అన్నారు. నా వంతు వచ్చినప్పుడు తల ఊపాను. అప్పటికి నాకు భయం లేదు.

భయం ఆ తర్వాత మేడమ్ చెప్పిన దానితో మొదలైంది. పరీక్షలు లేకుండానే అందర్నీ పై తరగతులకి పంపారు, మా అమ్మాయి కాగితం మీద నాలుగో తరగతి. అయితే బడి తెరిచిన మొదటి రోజున ప్రతి పిల్లా పుస్తకం చదవాలి, చదవలేని వాళ్ళు, చదవడం వచ్చేదాకా, రెండో తరగతిలో కూర్చుంటారు అన్నారు.

గుండ్రంలోంచి కాలు బయటికి పెట్టి, మళ్ళీ లోపలికి పెట్టుకున్నాను.

ఎందుకంత భయమేసిందో చెప్పాలి. నేను బడి మానేసింది అలాగే. ఐదో తరగతిలో ఉండగా మా అమ్మానాన్నలతో ఇటుకల బట్టీ పనికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వెనకబడిపోయాను. మాస్టారు మూడో తరగతి పిల్లల్లో కూర్చోబెట్టారు. నేను మనిషిని పొడుగు. చిన్నపిల్లలు నా మోకాలి మీద చెయ్యి పెట్టి లేచేవాళ్ళు. కొద్దిరోజులు కూర్చుని, ఒక పొద్దున్న కడుపునొప్పి అన్నాను. ఇంక వెళ్ళలేదు. మా అమ్మాయి కూడా పొడుగే. దాన్ని కింద కూర్చోబెడితే అదీ కడుపునొప్పి అంటుందని నాకు తెలుసు.

వారం రోజులు టైమ్ ఉంది. బజారులో హిందీ అక్షరాల బొమ్మల పటం కొన్నాను. బొమ్మ చూసి హిందీ మాట చెప్పుకుంటే మొదటి అక్షరం తెలుస్తుంది కదా అని నా లెక్క. పావురం తెలిసింది, చేప తెలిసింది. ఒకచోట రోలు బొమ్మ ఉంది. పుట్టినప్పటి నుంచి రోలుతోనే బతుకుతున్నాను, దాన్ని హిందీలో ఏమంటారో తెలియలేదు. మా ఆయన తాడు దగ్గర నిలబడ్డ డ్రైవర్ని అడిగాడు. డ్రైవరు పంజాబీ. అతనేదో చెప్పాడు, అది సరైనదో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. మా అమ్మాయి పటం వైపు చూసి, "ఈ అచ్చరాలు తలకాయల మీద కర్ర ఎట్టుకున్నాయేటమ్మా?" అంది. తర్వాత ఏడ్చింది. ఆ వారం అయిపోయింది.

బడి తెరిచిన రోజున సగం మంది పిల్లలే రావాలి, మిగతా సగం మర్నాడు. మా అమ్మాయిది మొదటి సగం. గేటు దగ్గర నుదురు మీద తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూశారు. పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోవాలి. నేను వెళ్ళకుండా వరండా చివర కిటికీ పక్కన నిలబడ్డాను.

దాని వంతు వచ్చింది. లేచి పుస్తకం పట్టుకుంది. మాస్కు వల్ల కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. మేడమ్ "బోలో బేటా" అన్నారు. అది పలకలేదు. మళ్ళీ అన్నారు. పోనీ బోర్డు మీద పేరు రాయమన్నారు. అప్పుడు దాని నడక మారింది. గబగబా వెళ్ళి సుద్దముక్క తీసుకుని, నేను నేర్పినట్టు, గుండ్రంగా, చక్కగా, తెలుగులో రాసింది.

వెనక బెంచీలోంచి ఒకడు, "మేడమ్, జలేబీ!" అని అరిచాడు. అందరూ నవ్వారు. వదిన కొడుకు కూడా నవ్వాడు. వాళ్ళ వాకిట్లో అది పాట చదివింది గుర్తుందో లేదో!

మేడమ్ బల్ల మీద కొట్టి అందర్నీ ఆపారు. దాని దగ్గరికి వచ్చి, ఇది ఎవరు నేర్పారని హిందీలో మెల్లిగా అడిగారు. అది తల తిప్పింది. కిటికీలో నన్ను చూసింది. చూసి,

"కిసీ నే నహీ," అంది. ఎవరూ నేర్పలేదని.

"అమ్మ ఇంట్లో ఏమీ చెప్పలేదా?"

"నహీ."

నేను కిటికీ పక్క నుంచి గోడవైపుకి జరిగాను. ఒంటిమీద బట్ట లేనట్టు అనిపించింది. ఇంటికి వెళ్ళిపోదామనిపించింది కూడా. గేటు దాకా నడిచాను. అప్పుడే మేడమ్ బయటికి వచ్చి పిలిచారు.

ఆవిడ మంచిగానే మాట్లాడారు. పిల్ల బుద్ధిమంతురాలే, ఏమీ రాదు, కింద కూర్చోబెడతాను, ఇంట్లో కొంచెం చూసుకోండి అన్నారు. తల ఊపితే అయిపోయేది. కానీ నా మోకాలి మీద చెయ్యి పెట్టి లేచిన పిల్లలు గుర్తొచ్చారు.

"నేనే నేర్పాను మేడమ్," అన్నాను హిందీలో.

"మీరా? మరి పిల్ల ఎవరూ నేర్పలేదంది?"

"నేనే. నాకు అదే వచ్చు. హిందీ రాదు."

ఆ చివరి మాట బయటికి అనడం అదే మొదటిసారి. కిటికీ తెరిచే ఉంది. పిల్లలందరూ విన్నారు.

మేడమ్ నిట్టూర్చారు. "పుస్తకాలన్నీ హిందీలో ఉన్నాయి. నన్నేం చెయ్యమంటారు?"

"లెక్కలు అడగండి. ఒక్కసారి."

ఆవిడకి అడగాలని లేదు. ఎండగా ఉంది, ఇంకా చాలామంది పిల్లలున్నారు. అయినా లోపలికెళ్ళి బోర్డు మీద గుణకారాలు వేసి దాన్ని పిలిచారు. అంకెలు ఎక్కడైనా ఒకటే కదా. అది బోర్డు ముందు నిలబడింది. మాస్కు కొంచెం కొంచెం కదులుతోంది. లోపల తెలుగు ఎక్కాలు అంటోందని నాకొక్కదానికే తెలుసు. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే మళ్ళీ నవ్వుతారని దానికి అప్పటికే తెలిసిపోయింది. అన్నీ సరిగ్గా చేసింది. జలేబీ అన్నవాణ్ణి పిలిస్తే వాడికి ఒక్కటీ రాలేదు.

మేడమ్ మా అమ్మాయిని లెక్కలకి నాలుగులో కూర్చోమన్నారు. హిందీకి మాత్రం, వచ్చేదాకా, రెండులో. సగం దక్కింది. నాకు సంతోషం వేయాలి.

ఇంటికి వచ్చేటప్పుడు అది నాకు దూరంగా నడిచింది. ఒక లారీ మమ్మల్ని దాటిపోయాక దుమ్ములో నిలబడి అంది.

"నువ్వెందుకు సెప్పావు?"

"అబద్దం ఆడతావేటే మేడమ్ కాడ?"

"నాను ఎవలూ నేర్పనేదన్నాను కదా. నువ్వెందుకు వచ్చి సెప్పావు?"

"మేడమ్ నన్ను తిడతాదని అలాగన్నావేటి?"

అది సంచి ఇంకో భుజానికి మార్చుకుని ముందుకి నడిచింది.

"నన్ను సూసి సిగ్గేసిందేటి?"

మా రోడ్డు మలుపులో ఉన్న కల్వర్టు దాకా వచ్చాక, "రేపట్నుంచి నువ్వు ఇక్కడిదాకా వస్తే సాలు," అంది.

నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పిందో, నా కూతురినని చెప్పుకోలేక చెప్పిందో నాకు తెలియలేదు. రెండోదే అయినా దాన్ని తప్పు పట్టలేను. నేను మా మాస్టారి ముందు మా అమ్మ గురించి అలాంటివి ఎన్ని చెప్పానో.

అది కడుపునొప్పి అనలేదు. అది మాత్రం చెప్పాలి. చిన్నపిల్లల మధ్య కూర్చుని, నోరు మూసుకుని హిందీ నేర్చుకుంది. చలికాలం పోయేసరికి పూర్తిగా నాలుగో తరగతిలోకి వచ్చేసింది. వదిన మళ్ళీ పాట చదవమని పిలిస్తే, "మర్సిపోనాను అత్తా," అంది. అంత తొందరగా ఎవరూ మరిచిపోరు. హోటల్లో కూర్చుని తినొచ్చని చెప్పాక బల్లలు శుభ్రంగా కడిగేశాం. బెంచీలు దింపాం. తాడు విప్పేశాం.

ఆ ఏడు చివర తల్లులు రావాలని బడి నుంచి కబురొచ్చింది. అది వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, "నానా, నువ్వు రా," అంది. నేను వింటూనే ఉన్నాను. ఉతికిన చొక్కా తీసిచ్చాను. ఆయన వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"బాగా సదువుతోందంట," అన్నాడు.

"ఇంకేటన్నారు?"

"వాల్లమ్మ రానేదేటని అడిగినారు."

"ఏటి సెప్పినావు?"

"హోటల్ కాడ పనుందని సెప్పినాను."

అమ్మాయి కంచంలోంచి తల ఎత్తలేదు. నేను ఆయనకి అన్నం వడ్డించాను. ఆ రోజు మంగళవారం. మంగళవారం మేము హోటల్ తెరవం. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు.